చిట్టీలో వచ్చిన గుర్రం

మా ఇంట్లో గుర్రం మాట పెళ్లి ఊరేగింపులప్పుడు తప్ప వినబడేది కాదు. అలాంటిది ఒక సాయంత్రం మా బిడ్డ బడి నుంచి వచ్చి, భుజం మీది సంచి కూడా దించకుండా, "అమ్మా, నేను గుర్రం నేర్సుకుంట" అంది. నేను అప్పుడే కంపెనీ నుంచి వచ్చి, బకెట్లో వేడినీళ్లు పోసుకొని పాదాలు పెట్టుకొని కూర్చున్నాను. మాత్రలు తయారుచేసే కంపెనీలో ప్యాకింగు పని నాది. పొద్దంతా నిలబడాలి. కాళ్లు లాగుతుంటే నాకు ఎవరి ముచ్చటా చెవికెక్కదు.

"ముందు సైకిల్ మీదికెళ్లి పడకుండ బడికి పోవుడు నేర్సుకో" అన్నాను.

అది నవ్వలేదు. పక్కన కూర్చొని మొత్తం చెప్పింది. బడికి ఒక కోచ్ మేడం వచ్చిందట. పిల్లలకు నాలుగు ఆటలు కలిపి ఒకే పోటీ పెడతారట. పరుగు, ఈత, పిస్తోలుతో గురి, గుర్రపు స్వారీ. నాలుగింటి మార్కులూ కలిపి ఎవరు ముందుంటే వాళ్లను రాష్ట్రం క్యాంపుకు తీసుకుంటారట. బడి మైదానంలో పిల్లలందర్నీ పరిగెత్తించి చూస్తే మా పిల్ల ఆమె కంట్లో పడింది.

పడకేం చేస్తుంది. మా పిల్లకు పరుగు నేర్పింది నేనే. చిన్నప్పటి నుంచి చీపురుకట్ట పట్టుకొని దాని వెంట పడ్డాను, ఒక్కనాడూ దొరకలేదు. ఈత మాత్రం మా అత్తమ్మ నేర్పింది. గుమ్మడిదల దగ్గర మా పొలంలో బావి ఉంది కానీ, చుట్టూ కంపెనీలు వచ్చాక ఆ నీళ్లు ముక్కు దగ్గర పెట్టుకునేటట్టు లేవు. అందుకని ఎండాకాలం సెలవుల్లో అత్తమ్మ మనవరాలిని బస్సెక్కించుకొని తన తమ్ముడి ఊరికి తీసుకుపోయేది. నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టి, అక్కడి బావిలో దింపి, ఒడ్డు మీద కూర్చొని తిట్లు లంకించుకునేది. ఆ తిట్లకే పిల్ల ఈత నేర్చుకొని ఉంటుంది.

పిస్తోలు సంగతి విని ఎక్కువ సంబరపడింది కూడా అత్తమ్మే. "మంచిదే, మిద్దె మీద కోతులు మస్తు పరేషాన్ చేస్తున్నయి" అంది. అందులో గుండు ఉండదు, లైటే పడుతుంది అని పిల్ల చెప్పేసరికి, "లైటుకు కోతి బెదురుతదా?" అని ఆ ఆట మీద మోజు వదిలేసుకుంది.

మిగిలింది గుర్రం. సంగారెడ్డి దాటాక ఒక గుర్రాల మైదానం ఉంది. ఆదివారాలు అక్కడ ఈ పిల్లలకు నేర్పడానికి మేడం ఏర్పాటు చేసింది. ఒక ముసలి తెల్లగుర్రం ఉండేది, ఎంత మంచిదంటే, మీద కూర్చున్న పిల్ల జారుతుంటే అదే ఆగి సర్దుకోనిచ్చేది. మా పిల్ల దాని మీదే నడక, దౌడు, చిన్నచిన్న కర్రల మీదుగా దూకడం నేర్చుకుంది. రెండుమూడుసార్లు పడింది కూడా. మోచేయి వాస్తే నాకు కనబడకుండా పొడుగు చేతుల అంగీ వేసుకొని తిరిగింది. అత్తమ్మ కనిపెట్టి, పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసి, ఇద్దరూ కలిసి నా దగ్గర దాచారు. మా ఇంట్లో నాకు ఏ సంగతైనా తెలిసేది చివరికే.

మా ఆయన కంపెనీల స్టాఫు బస్సు నడుపుతాడు. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే మార్చడు. పోటీకి వారం ముందు అన్నం తింటూ పిల్లను పిలిచి చెప్పాడు.

"వచ్చే ఏడు పదో తరగతి. నువ్వు క్యాంపుకు ఎంపికైతే సరే, నేనే వచ్చి దించిపోత. కాలేదనుకో, ఇగ ఆటలు బంద్. మళ్ల ఏడ్వొద్దు, మీ నాయినమ్మతోటి చెప్పియ్యొద్దు."

"సరే నాయినా" అంది పిల్ల. ఆ రాత్రి అన్నం సగమే తిన్నది.

నాకు భయమల్లా గుర్రం దగ్గరే. ఈ పోటీలో ఎవరూ తమకు అలవాటైన గుర్రం ఎక్కకూడదు. చిట్టీ తీయాలి. చిట్టీలో ఏది వస్తే అదే గుర్రం. కాసేపు దాని మీద అటూ ఇటూ తిరిగి చూసుకోనిస్తారు, ఆ వెంటనే కర్రల మీదుగా దూకించాలి. పెళ్లిచూపులకైనా ఇంతకంటే ఎక్కువ టైం ఇస్తారు. గుర్రం మూడుసార్లు మొరాయించిందంటే పిల్ల అవుట్. అక్కడ అవుటైతే మిగతా మూడు ఆటల్లో ఎంత బాగా చేసినా ఎంపికలో పేరుండదు.

పోటీకి అత్తమ్మ కూడా వస్తానంది. నేను వద్దన్నాను. మోకాళ్ల నొప్పులు, ఎండ, పొద్దంతా కూర్చోవాలి, మధ్యలో టీ అంటుంది, బాత్రూం అంటుంది. నాకు సెలవు దొరికిందే కష్టం మీద.

"నీ సెలవు నీ కాడ పెట్టుకో. నేను నీ వీపు మీదెక్కి వస్తున్ననా?" అని తెల్లారేసరికి తలదువ్వుకొని, ఇస్త్రీ చీర కట్టుకొని, ఒక స్టీలు డబ్బా చంకన పెట్టుకొని గడప మీద కూర్చుంది. డబ్బాలో ఏముందంటే చెప్పలేదు. పిల్లకు తినడానికి ఏవో చేసిందనుకున్నాను. సంగారెడ్డి బస్సులో నాకు కిటికీ పక్కన సీటు కూడా ఇవ్వలేదు.

దారిలో కొత్త కంపెనీల గోడలు, ప్లాట్ల బోర్డులు చూస్తూ తన ఎర్రెద్దు ముచ్చట మొదలుపెట్టింది. ఆ ముచ్చట మా ఇంట్లో గోడలకు కూడా నోటికి వచ్చు. వ్యవసాయం తగ్గి, దున్నడానికి ట్రాక్టరు కిరాయికి తెచ్చుకోవడం మొదలయ్యాక మా మామ ఎడ్లను అమ్మేశాడు. తెల్లెద్దు మారు మాట్లాడకుండా ట్రాలీ ఎక్కింది. ఎర్రెద్దు ఎక్కలేదు. దాన్ని దూడగా ఉన్నప్పటి నుంచి సాకింది అత్తమ్మ. ఆమె వాకిట్లో నిలబడి ఉంటే, కొన్నవాళ్లు ముందు నుంచి తాడు గుంజుతున్నా అది మెడ తిప్పి ఆమె వైపే వస్తున్నదట. చివరికి మామ, "నువ్వు ఈడుంటే అది పోదు, లోపటికి నడువు" అని కసిరాడు. ఆమె లోపలికి పోయి తలుపు గడియ పెట్టుకుంది. అప్పుడు ఎక్కింది.

"బండి సప్పుడు పోయింది. ఎంతసేపైనా నన్ను బయటికి రమ్మని ఒక్కలు తలుపు కొట్టలే" అని ఎప్పుడూ అక్కడికే ముగించేది. నేను ఎప్పటిలాగే ఊ కొట్టి, టికెట్టు చిల్లర సరిచూసుకున్నాను.

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో దిగి ఆటో పట్టుకొని మైదానానికి చేరేసరికి పిల్లలంతా వచ్చి ఉన్నారు. మా పిల్ల ముందటి రోజే మేడంతో వచ్చి ఈత, గురి ముగించింది. ఆ పొద్దున పరుగు. దూరంగా కంపెనీల పొగగొట్టాలు, దగ్గర్లో ఎర్రటి తెల్లటి రంగులేసిన కర్రలు, నడుమ మా పిల్ల పరిగెత్తుతుంటే నాకు చేతిలో చీపురుకట్ట లేని లోటు కనబడింది. రెండో స్థానంలో వచ్చింది. మేడం పరుగున వచ్చి లెక్క వేసి చెప్పింది.

"ఇంక గుర్రం ఒక్కటే. పెద్దగ మార్కులు రానక్కర్లే. అవుట్ కాకుండ అన్ని కర్రలు దాటి వచ్చిందంటే క్యాంపు ఖాయం."

పిల్ల మొహం చూశాను. ఈ మాట వినకుండా ఉంటేనే బాగుండేదన్నట్టు ఉంది. కాళ్లకు అరువు బూట్లు, వదులుగా ఉంటే ముందర దూది కుక్కాము. అమీన్‌పూర్ నుంచి కార్లలో వచ్చిన పిల్లలవి కొలతకు కుట్టించుకున్న బూట్లు. అలాగని వాళ్ల మొహాలూ ఏమంత వికసించి లేవు. ఒక తల్లి తన కొడుకు చెంపలు పట్టుకొని వాడికంటే ఎక్కువ వణుకుతున్నది. గుర్రం ముందు అందరమూ ఒకటే.

చిట్టీలు తీశారు. ముసలి తెల్లగుర్రం వేరే పిల్లకు పోయింది. మా పిల్లకు వచ్చింది ఒక ఎర్రగుర్రం. ఎత్తుగా ఉంది, నుదుటి మీద పొడుగ్గా తెల్ల మచ్చ, చెవులు ఒకచోట నిలవవు. పిల్ల దాని మీదెక్కి నాలుగు చుట్లు తిరిగింది, రెండు కర్రలు దూకించింది. బాగానే దూకింది కానీ, ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఇంకా నమ్మకం కుదరలేదని నాకే తెలిసిపోయింది. పిల్ల దిగి, తన వంతు కోసం గేటు పక్కన కటకటాల దగ్గర దాన్ని పట్టుకొని నిలబడింది. నేను నీళ్ల సీసా నింపుకొద్దామని పోయాను.

తిరిగి వచ్చేసరికి అత్తమ్మ కటకటాలకు ఆనుకొని ఉంది. స్టీలు డబ్బా మూత తెరిచి ఉంది. గుర్రం నుదుటి తెల్ల మచ్చ మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. ముందు గిట్టలకు పసుపు. అత్తమ్మ అరచేతిలో బెల్లం ముక్కలూ పుట్నాలూ, గుర్రం వాటిని నాకి నాకి, మూతి ఆమె భుజం మీద పెట్టి, ఇంకా ఏమున్నాయన్నట్టు చెవి వాసన చూస్తున్నది.

"అత్తమ్మా! ఏం జేస్తున్నవే?" అన్నాను. నాకు కోపమొస్తే అత్తమ్మకైనా 'వే' తగిలించే మాట వస్తుంది.

"కొత్త పశువుకు పని జెప్పే ముందు నోరు తీపి జెయ్యాలె. గిదీ తెల్వదా? మన పిల్లను మోసేది ఇదే గద."

"ఇది అరక గట్టే ఎద్దు కాదు!"

"నోరున్నది గద" అంది.

పొద్దున్నుంచి మొదటిసారి పిల్ల నవ్వింది. అది చూసి నేను నోరు మూసుకున్నాను. మేడం వచ్చి, "చాలు పెద్దమ్మా, ఇంక పెట్టకు" అని గట్టిగా చెప్పి, కుంకుమను తుడవబోయి, పిల్ల మొహం చూసి ఊరుకుంది. బొట్టు గురించి రూలేమీ లేదని అక్కడి పెద్దమనిషి ఒకాయన నవ్వుతూ చెప్పాడు.

గంట కొట్టారు. పిల్ల లోపలికి పోయింది. మొదటి కర్ర దాటింది. రెండోది దాటింది. నేను పైట చెంగు నోట్లో కుక్కుకున్నాను. మూడో కర్ర దగ్గర గుర్రం మేమున్న గేటు మూలకు వీపు తిప్పి, అవతలి వైపుకు దూకాలి. పిల్ల కళ్లెం తిప్పింది. గుర్రం సగం తిరిగి, మెడ వంచి వెనక్కి మా వైపు చూసింది. చూసి, కర్రకు పక్కగా జారుకొని ఇటే వచ్చింది. పిల్ల దాని మెడ మీద పడి, జూలు పట్టుకొని నిలదొక్కుకుంది.

"ఒకటి" అని మైకులో చెప్పారు.

పిల్ల మళ్లీ తిప్పుకొని పోయింది. ఈసారి గుర్రం కర్ర ముందు దాకా పోయి, బిగుసుకొని ఆగి, మా మూలకు మొహం పెట్టి గట్టిగా సకిలించింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మైకులో "రెండు" అన్నారు.

అది ఎవరి కోసం చూస్తున్నదో అప్పుడు నాకు అర్థమైంది. నాకు పది అడుగుల దూరంలో అత్తమ్మ, చంకలో డబ్బాతో, "పో బిడ్డా, అటు పో" అని గుర్రానికి చెయ్యి ఊపుతున్నది. ఆ చెయ్యి ఊగినకొద్దీ అది ఇంకా ఇటే వస్తున్నది. ఆ చేతిలోనే కదా బెల్లం తిన్నది!

పిల్లకు అరిచి చెప్పబోయాను. మేడం నా మణికట్టు పట్టుకుంది. "బయటి నుంచి ఒక్క మాట చెప్పినా అవుటే. చెప్పొద్దు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయిన నాటి నుంచి అత్తమ్మను అనాలనుకొని మింగిన మాటలన్నీ నాలుక చివరికి వచ్చాయి. వద్దంటే వచ్చింది. వచ్చి, ఒక్కగానొక్క పిల్ల ఆశను తన డబ్బాలో పెట్టి మూత పెట్టింది. నాలుగు అంగల్లో ఆమె దగ్గరికి పోయాను.

నేను నోరు తెరవకముందే ఆమె నా వైపు తిరిగింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నన్నే సూస్తుంది" అంది. "మా ఎర్రెద్దు లెక్కనే. నేనీడుంటే అది పోదు."

"అత్తమ్మా..."

"నువ్వు ఉండు. పిల్లను సూడు. నేను లోపటికి పోత."

గేటు పక్కనే ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి ఒక రేకుల గది ఉంది. దానికి కిటికీ కూడా లేదు. మోకాళ్ల మీద చేతులు ఆన్చుకుంటూ, ఆ మనిషి నడవగలిగినంత జోరుగా నడిచి లోపలికి పోయింది. వెనక్కి చూడలేదు. చూస్తే గుర్రం కూడా చూస్తుందనుకుందేమో. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు నాకు వినబడింది.

తెల్లారకముందే తలదువ్వుకొని గడప మీద కూర్చున్న మనిషి. మనవరాలు గుర్రం దూకించేది చూడాలనే ఒక్క కోరికతో నాతో అన్ని మాటలు పడి వచ్చింది. ఆ గదిలో ఆమెకు కనబడేది రేకులే. నాలుక చివరి మాటలన్నీ ఎటు పోయాయో, నాకు ఏడుపొచ్చింది. ఆమె మీద నాకు అంత ప్రేమ ఉందని ఆ మైదానంలో నిలబడ్డదాకా నాకే తెలియదు.

పిల్ల కూడా చూసింది, నాయినమ్మ లోపలికి పోవడం. ఎందుకు పోయిందో దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అదీ ఎర్రెద్దు ముచ్చట వింటూ మా గోడల మధ్య పెరిగిన పిల్లే కదా. గుర్రాన్ని మెల్లగా ఒక చుట్టు తిప్పింది, మెడ నిమిరింది, వంగి చెవిలో ఏదో చెప్పింది. గుర్రం మా మూలకు ఒకసారి చూసింది. అక్కడ నేనున్నాను. నన్ను అది పట్టించుకోలేదు, నా దగ్గరేముంది గనక. చెవులు ముందుకు పెట్టి కర్ర వైపు తిరిగింది.

దాటింది. నేను అరిచానో లేదో నాకు గుర్తు లేదు. ఆ తరువాతి కర్రకూ, ఆ తరువాత దానికీ, ఇద్దరూ పాత స్నేహితుల్లా పోయారు. చివరి కర్రకు వెనక గిట్ట తగిలింది. కర్ర దాని కొక్కెంలో అటూ ఇటూ ఊగింది, ఊగి ఊగి పడకుండా నిలబడింది. గీత దాటగానే మేడం పరుగున వచ్చి, నన్నే పట్టుకొని గంతులేసింది. ఎంపిక లిస్టు సాయంత్రం చదివారు. అందులో మా పిల్ల ఉంది. మా ఆయన కూడా మాట తప్పలేదు, బస్సు డ్యూటీ మార్చుకొని తనే క్యాంపులో దించి వచ్చాడు, దారి పొడుగునా సణుగుతూ. అదంతా తరువాతి సంగతి.

ఆ మధ్యాహ్నం అందరూ పిల్ల చుట్టూ చేరుతుంటే నేను రేకుల గది దగ్గరికి పోయి తలుపు కొట్టాను.

"ఎవలు?" అంది లోపల నుంచి.

"నేనే అత్తమ్మా."

"సప్పట్లు ఇనబడ్డయి. మన పిల్లకేనా?"

"మన పిల్లకే."

"దునికిందా?"

"దునికింది. అన్నీ దునికింది."

"పడలేగద?"

"పడలే."

రేకు తలుపుకు చెవి ఆన్చాను. ముక్కు చీదుకుంటున్నది. వెనక్కి తిరిగి చూస్తే గేటు దాకా వచ్చిన గుర్రం, బొట్టు చెమటకు ముక్కు దాకా కారి, కటకటాల మీద మెడ పెట్టి ఈ గది వైపే చూస్తున్నది. దాని మీద పిల్ల, కళ్లెం వదిలేసి, రెండు చేతులతో కళ్లు తుడుచుకుంటున్నది.

"కోడలా" అంది అత్తమ్మ లోపల నుంచి, మెల్లగా. "ఇగ నేను బయటికి రావచ్చునా?"

"రా అత్తమ్మా. ఇద్దరూ నీ కోసమే ఆగిండ్రు" అన్నాను.

లోపల గడియ తీసిన చప్పుడైంది.